ఓట్లనాడు పలకని కారు

మా ఆయన చెయ్యి విరిగింది యాభై అయిదు జనవరిలో. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు, అప్పుడే మళ్లీ ఓట్లు వచ్చిపడ్డాయి. కార్లు, జీపులు పల్లెల వెంట తిరగడం మొదలుపెట్టాయి. తిరిగేవి ఎక్కువైన కొద్దీ ఆగిపోయేవీ ఎక్కువయ్యాయి. ఆగినవన్నీ మా వాకిటికే వచ్చేవి.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు దోవ పక్కన మా రేకుల షెడ్డు. దాని వెనకాలే ఇల్లు. రెండింటికీ మధ్య గోనెపట్టలు కలిపి కుట్టిన తెర ఒకటి ఉండేది. పెళ్లయిన పదేళ్లలో ఆ తెర అవతలికి నేను వెళ్లింది చెంబుతో నీళ్లు ఇవ్వడానికే, అదీ పరాయి మగవాళ్లు ఎవరూ లేనప్పుడు.

ఆ రోజు మా ఆయన కమాల్ బాషా ఒక పాత కారుకు ముందర హ్యాండిలు పెట్టి తిప్పుతున్నాడు. ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిలు వెనక్కి తిరిగి కుడి మణికట్టు మీద పడింది. జమ్మలమడుగులో ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన వెదురుబద్దలు పెట్టి మోచేతి దాకా చుట్టి, మూడు నెలలు కదిలించొద్దన్నాడు. షెడ్డులో ఉన్న ఒక్క పనివాడు అంతకు వారం ముందే ఓట్ల జీపు తోలడానికి కమలాపురం వెళ్లిపోయాడు.

మరుసటి రోజు పులివెందుల నుంచి నూర్ అహ్మద్ వచ్చాడు. ఆయన బాడుగ కారు తోలుతాడు, నాకు వరసకు అన్న. కారు దారిలో రెండుసార్లు ఆగిందట. మా ఆయన ఎడమచేత్తో పానా పట్టుకుని ప్లగ్గు విప్పబోయాడు. పానా జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారి, వేళ్ల కణుపులు ఇనుముకు తగిలి చర్మం లేచిపోయింది. నూర్ అహ్మద్ తల తిప్పుకున్నాడు. తెర సందులో నుంచి చూస్తున్న నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. కొంగు తలమీదికి లాక్కుని, అవతలికి వెళ్లి, ఆయన చేతిలోని పానా తీసుకున్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు, సంతోషమూ లేదు. "ఎడమకు తిప్పు. గట్టిగా కాదు, నిదానంగా" అన్నాడు.

అట్లా మొదలైంది.

మా అత్త బిస్మిల్లా బీ ఆ పూట అన్నం ముట్టలేదు. "వాని చెయ్యి మూడు నెలల్లో అతుక్కుంటాది. నీ పేరు పోతే యాడ అతికిస్తావు?" అంది. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా తురకం మాటలే అయినా, ఇన్నేళ్ల తర్వాత ఆమె మాట నాకు తెలుగులోనే గుర్తుంది. ఆమె కోపమొస్తే తెలుగులోకి దిగేది, పక్కింటివాళ్లకు కూడా వినపడాలని.

ఆయన నులకమంచం మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. "బండి పలకలేదంటే రెండే చూడు. నిప్పన్నా లేకపోవాల, పెట్రోలన్నా అందకపోవాల. మొదట నిప్పు." ప్లగ్గు బయటికి తీసి, దాని ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి, హ్యాండిలు తిప్పిస్తే కొనలో నిప్పు రవ్వ ఎగరాలి. నీలంగా, టప్పుమని ఎగిరితే మంచిది. పసుపుపచ్చగా నసిగితే బలం లేదు. ప్లగ్గు తడిగా వస్తే పెట్రోలు వస్తోంది, అంటుకోవడం లేదు. పొడిగా వస్తే అసలు పెట్రోలే రావడం లేదు. పది రోజులయ్యేసరికి ప్లగ్గు వాసన చూసి సగం చెప్పగలిగాను. ఆయన కళ్లు మూసుకుని ఇంజను దగ్గు విని మిగతా సగం చెప్పేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఏం చెడిందో చెప్పకుండా బండి తిరిగి ఇచ్చేవాడు కాదు. చెడిన ముక్కను అరచేతిలో పెట్టి చూపించేవాడు. పన్నెండేళ్లలో 'నాకు తెలీదు' అన్న మాట ఆ షెడ్డులో పలకలేదని ప్రొద్దుటూరు డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. అది ఆయన చెవిన పడితే పైకి ఏమీ అనేవాడు కాదు కానీ, ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తినేవాడు.

ఫిబ్రవరిలో, ఓట్లు ఇంక రెండు రోజులున్నాయనగా, పొద్దున పది గంటలప్పుడు నలుగురు హమాలీలు ఒక నల్ల కారును తోసుకుంటూ వచ్చారు. స్టీరింగు దగ్గర డ్రైవరు లక్ష్మీపతి. వెనకాల భుజం మీద తువ్వాలుతో నడిచి వస్తున్నాయన కారు స్వంతదారు ఓబుళరెడ్డి. పెద్దముడియం అవతల ఒక పల్లె ఆయనది. ఆ వైపు ఏ పార్టీకి ఓట్లు పడాలో చెప్పేవాళ్లలో ఆయనొకడు. పత్తి మిల్లులో పనుండి వచ్చాడట.

"పొద్దున మిల్లు కాడికి బాగనే వచ్చినాది" అన్నాడు ఓబుళరెడ్డి. "గంటసేపు నిలబెడితిమి. మళ్లా పలకలా. ఎల్లుండికి నాకు బండి కావాల బాషా. ఊర్లో ఇంకో బండి యాడా దొరకదు, అన్నీ ఓట్లకు మాటయిపోయినాయి."

"సాయంత్రానికి చెప్తా రెడ్డన్నా."

ఓబుళరెడ్డి నన్ను చూశాడు. నేను తెర పక్కన కొంగు సర్దుకుని నిలబడి ఉన్నాను. "ఆడోళ్ల చేత ఇప్పిస్తాండావంట గదా" అన్నాడు.

"నా చెయ్యి బాగయ్యేదాకా" అన్నాడు మా ఆయన.

ఓబుళరెడ్డి మిల్లుకు వెళ్లిపోయాడు. లక్ష్మీపతి హ్యాండిలు పట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, మా షెడ్డుకు పాతకాపే. మామూలుగా వచ్చాడంటే మాటలు ఆపేవాడు కాదు. ఆ రోజు నోరు విప్పలేదు.

నాలుగు ప్లగ్గులూ తీశాను. నాలుగింటికీ నిప్పు నీలంగా, టప్పుటప్పుమని ఎగిరింది. ప్లగ్గులు తడిగా ఉన్నాయి. అంటే పెట్రోలూ వస్తోంది. గొట్టం విప్పి పంపు ఆడిస్తే నా చేతినిండా పడింది. ప్లగ్గులను కుంపటి మీద వేడిచేసి, తుడిచి, మళ్లీ బిగించాను. లక్ష్మీపతి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"పాయింట్లు చూడు" అన్నాడు మా ఆయన. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. "మూతలో యాడన్నా చీలిక ఉండాదా?" లేదు. "మొదటి ప్లగ్గు తీసి ఆ బొక్కలో బొటనవేలు పెట్టు. లచ్మీపతీ, మెల్లగా తిప్పు." గాలి వేలిని బయటికి నెట్టింది. అదే సమయానికి డిస్ట్రిబ్యూటరు లోపలి ముల్లు మొదటి ప్లగ్గు వైరు వైపే ఉంది. టైమింగు కూడా సరిగ్గానే ఉంది.

మధ్యాహ్నమైంది. మా ఆయన మంచం మీద నుంచి లేచి కారు చుట్టూ తిరిగాడు. "నిప్పుండాది, పెట్రోలుండాది, టయాముకు పడతాండాది. ఏం తక్కువైందబ్బా దీనికి" అని తనలో తనే అనుకున్నాడు. నుదుటి మీద చెమట. ఎండ అంత లేదు. చివరికి, "ఇంజను మూతే ఎత్తాల. రెండు రోజుల పని" అన్నాడు.

నట్టు ఒకటి నా చేతిలోంచి జారి కారు కిందుగా దొర్లి వెనక చక్రం దగ్గర ఆగింది. దాన్ని తీసుకోవడానికి వెనక్కి వెళ్లి వంగాను. అప్పటికి లక్ష్మీపతి ఇంకోసారి తిప్పుతున్నాడు. ఇంజను దగ్గింది. మామూలుగా అయితే ఆ దగ్గుకు వెనక పొగగొట్టం నుంచి తెల్లగా ఒక గుక్క రావాలి. పెట్రోలు వాసన ముక్కుకు కొట్టాలి. ఏమీ రాలేదు. గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాను.

"మళ్లా తిప్పన్నా" అన్నాను.

ఆయన తిప్పాడు. నా చేతికి గాలి తగల్లేదు. ఇంజను లోపలికి పీల్చుకుంటోంది, వదలడానికి దారి లేదు. వదలనిది మళ్లీ ఎట్లా పీల్చుకుంటుంది?

పాత గొడుగు పుల్ల ఒకటి తెచ్చి గొట్టంలోకి దూర్చాను. మూరెడు లోపలికి వెళ్లి దేనికో తగిలి ఆగింది. బయటికి తీస్తే కొనకు దూది అంటుకుని వచ్చింది.

"ఇంకోసారి తిప్పు" అన్నాను. హ్యాండిలు చప్పుడు రాలేదు. తలెత్తి చూస్తే లక్ష్మీపతి కారు ముందర లేడు. నా పక్కనే నిలబడి గొడుగు పుల్ల కొన వైపు చూస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు.

"వదినా, దాన్ని అట్లనే ఉండనీ" అన్నాడు.

"ఎవరు కొట్టినారు దీన్ని?"

"నేనే. కర్రముక్కకు దూది చుట్టి కొట్టినా. మిల్లు కాడ."

ఆయనే చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది, సరుకుల పట్టీ చదువుతున్నట్టు.

"డిక్కీలో ఏముండాయో నాకు తెల్సు. ఎత్తి పెట్టింది నేనే. కుందూ ఏటి అవతల పల్లెలో మా చెల్లెల్ని ఇచ్చినాం, మంగమ్మను. దాని మొగుడు అవతల పార్టీ ఏజంటు. ఎల్లుండి ఓట్ల డబ్బాల కాడ కూచుంటాడు. వాడు ఆడికి రాకముందే దోవలో పట్టుకోవాలని మాట. ఎద్దులబండ్లలో పోతే కుందూలో దిగేటప్పుడే ఆ ఊరోళ్లకు కనపడిపోతారు. కారయితే కనపడేలోపలే పని అయిపోతాది." తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "తోలాల్సింది నేను వదినా."

"తోలనని చెప్పకూడదా?"

"చెప్తే ఇంకొకడు తోలతాడు. బండి పలక్కపోతే ఎవడూ తోలడు."

నేను లేచి మంచం దగ్గరికి వెళ్లి, గొడుగు పుల్ల మా ఆయన చేతికిచ్చి, మా ఇంటి మాటల్లో అంతా చెప్పాను. ఆయన విన్నాడు. దూదిని వేళ్లతో తీసి నలిపి చూశాడు.

"గొట్టం" అన్నాడు నెమ్మదిగా. "నాకు తట్టలా."

లక్ష్మీపతి తెర దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన అటు చూడకుండానే, "హ్యాండిలు బండిలో పెట్టేసి, పోయి మొకం కడుక్కో. నీ మొకం చూస్తే ఎవరికన్నా తెల్సిపోతాది" అన్నాడు.

నాకు భయం వేసింది. దూది తీసి బండి పలికిస్తే ఒక మనిషి పోతాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే లక్ష్మీపతి పోతాడు. పోలీసులకు చెప్పినా ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఓబుళరెడ్డికి ఒక పూటలో తెలిసిపోతుంది. ఇంకేదో చెడిందని అబద్ధం చెబితే, చెడిన ముక్క చూపించమంటాడు. ఇంకో మెకానిక్కు దగ్గరికి పంపి అది తెప్పిస్తాడు. ఇవన్నీ నేను మా ఆయనతో అనలేదు. ఆయనా నాతో అనలేదు. మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, దోవ వైపు చూస్తూ ఉన్నాడు.

నాలుగు గంటలకు ఓబుళరెడ్డి వచ్చాడు. నేను తెర ఇవతలికి వచ్చేశాను. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏం చెడింది?"

"చిక్కలా రెడ్డన్నా."

"చిక్కలా అంటే?"

"నిప్పుండాది, పెట్రోలుండాది. అన్నీ ఇప్పి చూపిచ్చినా. ఏం చెడిందో నాకు తెలీదు."

ఓబుళరెడ్డి మా ఆయన ముఖం వైపు, కట్టు వైపు, తెర వైపు చూశాడు.

"చెయ్యి ఒకటే పోయిందనుకుంటి" అన్నాడు. "ఆడదాని చేతికి పానా ఇచ్చినప్పుడే నేను వాపసు తిప్పుకోని పోవాల్సింది."

మా ఆయన ఎడమచేత్తో నేలమీది పానా తీసి మంచం మీద పెట్టాడు.

"ఎద్దులు కట్టి కడపకు లాక్కపోతే?"

"పొయ్యేసరికి ఓట్లయిపోతాయి. ఈడ్నే ఉండనీ. ఓట్లయినంక మూత ఎత్తి చూస్తా."

ఓబుళరెడ్డి ఒక ఎద్దులబండి పిలిపించాడు. తానే డిక్కీ తాళం తీశాడు. గోనెపట్టలో చుట్టిన పొడవాటి మూట ఒకటి బయటికి తీశారు. ఎత్తడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది, ఒకడు లక్ష్మీపతి. బండిలో పెట్టి పైన పత్తి బోరాలు వేశారు. తెర సందులోంచి చూస్తున్న నా పక్కన మా అత్త ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. ఆమె కూడా ఆ మూటను చూసింది. బండి దోవ ఎక్కేదాకా చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఓట్లనాడు నేనూ మా అత్తా బురఖాలు వేసుకుని పోయి ఓటు వేసి వచ్చాం. కారు మా వాకిట్లోనే ఉంది. దాని మీద ఎవరివో కోళ్లు ఎక్కి కూర్చున్నాయి. మా ఆయన దోవ పక్కకు మంచం వేసుకుని, పెద్దముడియం వైపు నుంచి వచ్చే ప్రతి మనిషినీ అడుగుతున్నాడు.

"ఆ పక్క ఓట్లు ఎట్ల జరుగుతాండాయప్పా?"

"ఏముంది మామా, వేస్తాండారు, వస్తాండారు."

సాయంత్రం ఎద్దులబండి తోలుకుంటూ వచ్చిన ఒకాయన మాత్రం ఇంకొంచెం చెప్పాడు. పొద్దున్నే రెండు బండ్లు కుందూ దాకా వచ్చాయట. అవతలి గట్టున ఊరంతా చేరేసరికి కాసేపు ఎద్దులకు నీళ్లు తాపి వెనక్కి తిప్పుకున్నాయట. "ఎవరో ఏమో" అన్నాడాయన. మా ఆయన నీళ్లు ఇమ్మన్నాడు. ఇస్తే ఆ మనిషికి ఇవ్వకుండా తనే తాగేశాడు. నేను ఇంకో చెంబు తెచ్చాను.

ఓట్లయిన మరునాడు పొగగొట్టం విప్పి, ఇనుప చువ్వతో ఆ కర్రముక్క బయటికి తీశాను. కారు ఒక్క తిప్పుకే పలికింది. కర్రను, దూదిని పొయ్యిలో పెట్టాను. కారు తీసుకుపోవడానికి ఓబుళరెడ్డి రాలేదు, లక్ష్మీపతిని పంపాడు. "ఏం చెడిందని చెప్పమంటావన్నా?" అని అడిగాడు లక్ష్మీపతి.

"దానంతట అదే పలికినాదని చెప్పు" అన్నాడు మా ఆయన.

అంతకంటే చెడ్డ మాట ఇంకోటి లేదు ఒక మెకానిక్కు. అది ఊరంతా పాకింది. బాషా మూడు రోజులు చూసి కనుక్కోలేకపోయిన బండి దానంతటదే పలికిందట, ఇంట్లో ఆడమనిషి చేత విప్పించుకుంటే ఇంతే కదా అని డ్రైవర్లు టీ అంగడి దగ్గర నవ్వుకున్నారు. మార్చి దాటేసరికి వాకిలి ఖాళీ అయింది. ఏప్రిల్లో కట్టు విప్పారు. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. పళ్లెం పట్టుకోగలడు, పానా బిగించలేడు. ఇంక ఎప్పటికీ బిగించలేడని పెద్దాయన చెప్పాడు. రంజాన్ నెల ఆ ఏడు నడివేసవిలో పడింది. ఉపవాసంతో ఇద్దరం ఖాళీ షెడ్డులో కూర్చునేవాళ్లం. పులివెందుల నుంచి నూర్ అహ్మద్ ఒక్కడే మానకుండా వచ్చేవాడు, ఒక్కోసారి కారుకు ఏమీ కాకపోయినా.

ఆ రోజుల్లో ఒక్క మాటైనా వస్తుందేమోనని ఎదురుచూశాను, నీవల్లనే అనో, ఆ పుల్ల నువ్వు పెట్టకుండా ఉంటే అనో. రాలేదు. ఒకరోజు మా అత్త మాత్రం పీట తీసుకుని తెర దాటి వచ్చింది. షెడ్డులో ఒక మూల పీట వేసుకుని, జపమాల తీసి కూర్చుంది. రోజూ అట్లాగే కూర్చునేది. నేను కారు కిందికి దూరితే, దోవన పోతూ తొంగిచూసేవాళ్లను ఆమె తేరిపార చూసేది. వాళ్లే వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకు ఆ తెర చినిగి ఒక పక్కకు వేలాడింది. దాన్ని ఎవరూ కుట్టలేదు.

జూన్‌లో మొదటి వాన పడ్డాక, నేను ఒక కారు పంపు విప్పుతుండగా వాకిట్లో ఎద్దులబండి ఆగింది. పాతికేళ్ల ఆడమనిషి గంప పట్టుకుని దిగింది. చంకలో బిడ్డ. వెనక బండి మీద ఆమె మొగుడు పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు.

"షంషాదక్క అంటే మీరేనా?" అంది. "నేను లక్ష్మీపతి చెల్లెల్ని, మంగమ్మను. మా యన్న ఈ ఇంటికి పోయి నా చేత్తో చేసినయ్యి మీకు ఇచ్చి రమ్మన్నాడు. ఓట్లప్పటి నుంచి చెప్తాండాడు. సేద్యం పనుల్లో కుదర్లేదు."

గంపలో పూర్ణం పెట్టిన ఓళిగలు, పక్కన మూటలో కొర్రబియ్యం. నా చేతులకు నల్లటి నూనె ఉంది. కడుక్కుని వచ్చి తీసుకున్నాను.

"ఎందుకు ఇమ్మన్నాడక్కా?" అంది మంగమ్మ. "అడిగితే చెప్పడు. మీకూ మాకూ ముందు పరిచయం కూడా లేదు గదా."

మా ఆయన వైపు చూశాను. ఆయన బిడ్డను చూస్తున్నాడు.

"ఆయన బండి బాగుచేస్తుంటాం గదా, అందుకేమో" అన్నాను.

"దానికింత పట్టు పట్టల్నా" అని నవ్వింది. మా అత్త పీట మీద నుంచి లేచి, బిడ్డను ఇమ్మని చేతులు చాచింది.

అప్పుడు బండి మీది మనిషి దిగి వచ్చాడు, దాహం అడగడానికి. షెడ్డు రేకు కిందికి రావడానికి తల వంచాల్సి వచ్చింది. నేనిచ్చిన చెంబు ఎత్తి పట్టుకుని, గొంతు ఆడిస్తూ, ఆపకుండా తాగాడు. మీసాల మీది నీళ్లు అరచేత్తో తుడుచుకున్నాడు. "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు. పోశాను. అవి కూడా తాగి, చెంబు కడిగి బోర్లించి ఇచ్చాడు. మా ఆయనతో వానల గురించి, విత్తనాల గురించి రెండు మాటలు మాట్లాడాడు. శనక్కాయ వేస్తున్నాడట ఈ ఏడు, అయిదు ఎకరాలు.

బండి జమ్మలమడుగు దోవ ఎక్కి మలుపు తిరిగేదాకా మా ఆయన షెడ్డు ముందర నిలబడి చూశాడు. తర్వాత లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఒక ఓళిగ తీసుకుని, వంకరపోయిన చేత్తోనే తుంచి సగం నాకిచ్చాడు.

"శానా పొడుగు మనిషి" అన్నాడు.